పసుపు కళ్లాల పక్కన ఇంటి ప్లాన్లు

ఆర్మూర్‌లో ఇల్లు కట్టే కాలం పసుపు అమ్మాకే మొదలవుతుంది. సంక్రాంతి అటూ ఇటూగా తవ్వకం, ఆ తర్వాత ఉడకబెట్టడం, ఎండబెట్టడం, డ్రమ్ములో తిప్పి మెరుగు పట్టించడం, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలడం. ఇవన్నీ అయ్యేసరికి శివరాత్రి దాటుతుంది. కూలీలకి, ఎరువుల దుకాణానికి, బ్యాంకుకి కట్టగా మిగిలిన డబ్బుతో ఇల్లు తలపెట్టిన రైతు ముందు మేస్త్రిని కలుస్తాడు, తర్వాత వాస్తు చూసే పంతులుగారిని. ఆపైన ప్లాను గీసే పిల్లల దగ్గరికి వెళ్తాడు. నేను చూడాలని బయల్దేరింది ఆ చివరి చోటుని.

దానికి కారణం అంతకుముందు డిసెంబర్‌లో వచ్చిన భూకంపం. 2024 డిసెంబర్ 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకి ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కదిలింది. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల వాళ్లు చెప్పుల్లేకుండా మెట్లు దిగారు. వరంగల్, ఖమ్మం, భద్రాద్రి జిల్లాల్లో షాపుల అరల్లోంచి సామాన్లు పడ్డాయి. ప్రాణాలు పోలేదు. టీవీల్లో ఒక పూటంతా సీసీ కెమెరా దృశ్యాలు తిప్పి తిప్పి చూపించారు. మర్నాడు ‘పుష్ప-2’ సినిమా విడుదల. భూకంపం మాట అంతటితో సరి. నాకు మాత్రం ఒక సందేహం మిగిలింది. పెద్ద నగరంలో టవర్లకి స్ట్రక్చరల్ ఇంజనీర్లుంటారు. ఆర్మూర్ లాంటి ఊళ్లో ఇల్లు నిలబడుతుందా లేదా అన్నది ఏ బల్ల మీద తేలుతుంది?

నిజామాబాద్ నుంచి ఆర్మూర్‌కి బస్సులో గంట పట్టదు. దారిలో అంకాపూర్ వస్తుంది. నాటుకోడి కూరకి, విత్తనాల వ్యాపారానికి పేరున్న ఊరు. పల్లె అనుకుని దిగినవాడికి అక్కడి రెండంతస్తుల ఇళ్లు చూస్తే కాసేపు మాట రాదు. రోడ్డు పక్క పొలాల్లో కళ్లాలు నిండుగా ఉన్నాయి. కాడి (కొమ్ములు) ఒక పక్క, గోళ (దుంపలు) ఒక పక్క, చూర (విరిగిన తుక్కు) ఇంకో కుప్ప. ఒకప్పుడు పెద్ద కడాయిల్లో ఉడకబెట్టేవాళ్లు. ఇప్పుడు ట్రాక్టర్‌కి తగిలించిన బాయిలర్ వచ్చి ఆవిరితో పని కానిస్తోంది. ఎండుతున్న పసుపు వాసన కిటికీలోంచి బస్సంతా పట్టింది. పచ్చిమట్టి, కర్పూరం కలిసినట్టుండే ఆ వాసన ఆర్మూర్ చేరేదాకా వదల్లేదు.

నేను వెతుక్కున్న స్టూడియో మామిడిపల్లి వైపు పోయే దారిలో, మొదటి అంతస్తులో ఉంది. కింద వరసగా షట్టర్లు: ఎరువుల దుకాణం, మొబైల్ షాపు, టిఫిన్ సెంటర్. పైన మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, గోడ నిండా ఇళ్ల బొమ్మలు. పనిచేసేది ముగ్గురు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసినతను ప్లాన్లు గీస్తాడు. ఇంకొకతను ఫ్లెక్సీలు, పెళ్లి పత్రికలు, పసుపు పొడి ప్యాకెట్ల మీది లేబుళ్లు చేస్తాడు. ఒక అమ్మాయి ఇళ్లకి త్రీడీ ఎలివేషన్లు తయారుచేస్తుంది. వాళ్లిద్దరూ ప్లాన్లతన్ని ‘అన్నా’ అంటారు; అతను ఆ అమ్మాయిని ‘అక్కా’ అంటాడు, వయసులో ఆమె చిన్నదైనా.

లేబుళ్ల పని చూస్తూ కూర్చుంటే పొద్దు తెలియదు. పసుపు కొమ్ముకి ఏ పసుపు రంగు వాడాలన్నది అక్కడ పెద్ద చర్చ. తెర మీద కనిపించే రంగు వేరు, ప్లాస్టిక్ కవరు మీద అచ్చయ్యే రంగు వేరు. ఎర్ర ఛాయ కాస్త ఎక్కువైతే కారం ప్యాకెట్టనుకుంటారట. గోడకి ఆనించి పాత ఫ్లెక్సీ ముక్కలున్నాయి. వాటిలో ఒకటి 2025 సంక్రాంతి నాటిది, జాతీయ పసుపు బోర్డు మొదలైన రోజున శుభాకాంక్షలు చెబుతూ వేసింది. నిజామాబాద్ కేంద్రంగా ఆ బోర్డు జనవరి 14న మొదలైంది. బోర్డు కావాలన్న కోరిక వెనక చాలా ఏళ్ల పోరాటం ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో 178 మంది రైతులు నిజామాబాద్ నుంచి పోటీకి దిగారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఒక్కో బ్యాలెట్ యూనిట్ మీద పట్టేది పదహారు పేర్లే కాబట్టి ప్రతి బూత్‌లో పన్నెండు యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. డిజైన్ అంటే ఏమిటో ఎన్నికల సంఘానికే కొత్తగా నేర్పిన జిల్లా ఇది!

“డిసెంబర్‌ల భూకంపం ఇక్కడ తెలిసిందా?” అని అడిగాను.

“మాకైతే తెల్వలేదు సార్,” అన్నాడు ప్లాన్లతను. “గా పొద్దు మేం పుష్ప ఫ్లెక్సీల మీద ఉన్నం. రాత్రంత నిద్ర లేదు. హైదరాబాద్ల మా చెల్లె ఉంటది, ఆమె ఫోన్ జేసింది, ఫ్యాను ఊగుతుందన్నా అని. గప్పుడు తెలిసింది.”

ఆ తర్వాత ఫోన్లు ఆగలేదట. వాటిలో ఎక్కువ గల్ఫ్ నుంచి వచ్చినవి. ఈ ప్రాంతంలో ఇల్లు కట్టించేవాళ్లలో చాలామంది దుబాయ్‌లోనో, సౌదీలోనో, ఖతర్‌లోనో ఉంటారు. ప్లాను వాట్సాప్‌లో పోతుంది, మార్పులు వాయిస్ మెసేజ్‌లో వస్తాయి, డబ్బు బ్యాంకులో పడుతుంది. ఇల్లు చూసేది సెలవు మీద వచ్చినప్పుడే. అందుకని తెలంగాణలో భూమి కదిలిందని అక్కడి టీవీలో చూడగానే వాళ్లకి గుర్తొచ్చింది ఇంట్లో వాళ్లు, ఆ వెంటనే సగం లేచిన పిల్లర్లు. “మన ఇల్లు తట్టుకుంటదా?” అని అడిగారు. వారం రోజులు అదే ప్రశ్న. ఎనిమిదో రోజు నుంచి మళ్లీ ఆగ్నేయంలో వంటగది, ఈశాన్యంలో బోరు, ముందర గ్రానైట్ పిల్లర్లు.

“వారం రోజులు మంచి ఇంజనీర్‌ని అయిన సార్,” అని నవ్వాడు.

ఆర్మూర్ పటం మీద ఎక్కడుందో చూస్తే ఆ వారం ఆసక్తికి విలువ తెలుస్తుంది. ములుగు కేంద్రం నుంచి గాలి గీతలో ఊరు సుమారు 200 కిలోమీటర్లు. పడమటగా మహారాష్ట్రలోని కిల్లారి కూడా దాదాపు అంతే దూరం. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున నాలుగింటికి నాలుగైదు నిమిషాల ముందు, గణేశ్ నిమజ్జనం చేసొచ్చి అలసిపోయి పడుకున్న పల్లెల మీద కిల్లారి భూకంపం విరుచుకుపడింది. తీవ్రత 6.2. లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాల్లో చనిపోయినవాళ్లు పదివేలకు దగ్గర. ములుగు అంకెకీ దీనికీ తేడా ఒకటికన్నా తక్కువే అనిపిస్తుంది. విడుదలైన శక్తిలో ఆ తేడా ఇరవై రెట్ల పైమాట. పైగా ములుగు కదలిక దాదాపు 40 కిలోమీటర్ల లోతున పుట్టింది. కిల్లారిది భూమి పైపొరలోనే.

అయినా అంతమందిని చంపింది శక్తి ఒక్కటే కాదు. కిల్లారి చుట్టుపక్కల ఇళ్ల గోడలు నల్లరాయితో, మట్టి అడుసుతో కట్టినవి, రెండడుగులు దాటిన మందం. బయటి ముఖం రాళ్లు ఒక వరస, లోపలి ముఖం రాళ్లు ఒక వరస, మధ్యలో చిన్న రాళ్లూ మట్టీ. ఈ ముఖాన్నీ ఆ ముఖాన్నీ కలిపి పట్టే పొడవు రాయి ఎక్కడా లేదు. పైన కర్ర దూలాలు, వాటి మీద ఎండ తగలకుండా పోసిన మందపాటి మట్టి పొర. భూమి కుదపగానే గోడ నిలువునా రెండుగా చీలింది, పైకప్పు మట్టి మొత్తం మనుషుల మీద పడింది. ఎండాకాలం చల్లగా ఉంచిన మట్టే ఆ రాత్రి ఊపిరాడనివ్వలేదు.

ఆ రాత్రి తెలంగాణలోనూ తెలిసింది. ఆర్మూర్ పాత ఊళ్లో ఒక పెద్దాయన, మా మాటలు వింటూ అరుగు మీద కూర్చున్నవాడు, తనంతట తనే చెప్పాడు. “గప్పుడు నేను కావలి పోయి అచ్చి పండుకున్న. అటక మీద గిన్నెలు గలగల అన్నయి. పిల్లి అనుకున్న. తెల్లారి రేడియోల చెప్పిన్రు.” ఆయన ఇల్లు కూడా మట్టి గోడలదే, టేకు మొగరాల మీద లేచిన మిద్దె. ఆ మొగరాల వల్లే నిలిచిందని ఆయన నమ్మకం. నిజానికి కిల్లారిలో కూడా లోపలి కర్ర చట్రం మీద కప్పు ఆనిన కొన్ని ఇళ్లలో గోడలు కూలినా కప్పు నిలబడింది.

కిల్లారికి ముందు ప్రభుత్వ భూకంప పటంలో ఆ ప్రాంతం జోన్-1లో ఉండేది. అంటే దేశంలో అన్నిటికన్నా భయం లేని చోటు. ఆ తర్వాత 2002లో ఆ జోన్‌నే తీసేసి జోన్-2లో కలిపారు. ఆ పటం ప్రకారం దేశంలో అట్టడుగు మెట్టు జోన్-2. ఆర్మూర్ ఉన్నది అందులోనే. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్లు కిల్లారిలో 617 మీటర్ల బోరు వేసి చూశారు. 338 మీటర్ల దాకా బసాల్టు పొరలు, వాటి అడుగున మనకి అలవాటైన పాత రాయే. భయం లేని చోటు అని రాసిన పటాన్ని ఎంతవరకు నమ్మాలో నాకు అప్పటి నుంచీ తెలియదు. జోన్-2లో పిల్లర్లకి, బీములకి భూకంపాన్ని తట్టుకునే ప్రత్యేక వివరాలు వేయాలని నిబంధన పట్టుబట్టదు. పైగా 2020లో ఇళ్ల అనుమతుల కోసం వచ్చిన టీఎస్-బీపాస్ పద్ధతిలో 75 చదరపు గజాల లోపు స్థలంలో కట్టే చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేకుండా పోయింది. 600 గజాల దాకా, పది మీటర్ల ఎత్తు మించకపోతే, యజమాని తానే ధ్రువీకరించుకుంటే చాలు, అనుమతి వెంటనే వస్తుంది. లంచాల బెడద తగ్గిందని అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకుంటాను. కానీ దాని అర్థం ఏమిటంటే, ప్లానుని గట్టిగా చూసే చివరి కళ్లు ఈ మొదటి అంతస్తు గదిలోవే.

ఏం చూస్తాయి ఆ కళ్లు? అతను నాకు రెండు ప్లాన్లు తెర మీద పరిచాడు.

మొదటిది పల్లెలో కట్టే ఒక్క అంతస్తు ఇల్లు. పిల్లర్లు లేవు, ఇటుక గోడల మీదే స్లాబు. మామూలుగా మేస్త్రి తలుపు పైన ఒకటి, కిటికీ పైన ఒకటి లింటెల్ ముక్కలు పోసి వదిలేస్తాడు. ఇతను గీసినదాంట్లో లింటెల్ ఎత్తున ఇల్లంతా చుట్టి వచ్చే సన్నని కాంక్రీటు పట్టీ ఉంది. మూడంగుళాల మందం, లోపల రెండు రాడ్లు, మూలల్లో రాడ్లు వంచి ఒకదానితో ఒకటి ముడి. నాలుగు గోడలూ ఒక్క పెట్టెలా కదులుతాయి, విడివిడిగా బయటికి పడవు. “మోపుకి తాడు లెక్క సార్,” అన్నాడు. కిల్లారి తర్వాత మహారాష్ట్రలో కూలకుండా మిగిలిన పాత ఇళ్లని బలపరిచినప్పుడు చేసిన ముఖ్యమైన పనుల్లో ఇదొకటి.

రెండోది పట్టణంలోది. కింద షట్టర్లు, పైన రెండంతస్తుల ఇల్లు. ఇక్కడ సంగతి వేరే. పై అంతస్తుల్లో గదుల గోడలుంటాయి, కాబట్టి బిగువుగా ఉంటాయి. కింద షట్టర్ల కోసం ముందు గోడలన్నీ తీసేస్తారు, పిల్లర్లే మిగులుతాయి. భూమి కదిలితే ఊపంతా ఆ ఒక్క అంతస్తు పిల్లర్లే భరించాలి. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో ఎక్కువ ఇలాంటివే. కింద కార్ల పార్కింగ్, పైన ఇళ్లు. దూరంగా ఉన్నాం కదా అన్న ధైర్యం ఆ ఊరికి పనికిరాలేదు. ఆర్మూర్ మెయిన్ రోడ్డు మీద తిరుగుతూ షట్టర్లు లేని కింది అంతస్తు కోసం చూశాను. కళ్లకి కనిపించినవి బడి, గుడి, ఒకటి రెండు ఆసుపత్రులు.

“అద్దె షట్టర్లకే వస్తది గద సార్. కింద గోడ పెట్టుమంటే ఇంకో ఆఫీసుకి పోతరు,” అంది త్రీడీ చేసే అమ్మాయి. అందుకని వాళ్లు గోడతో గొడవ పడరు. రింగులతో గొడవ పడతారు. పిల్లర్‌లో నిలువు రాడ్లని చుట్టే రింగు కొసలని మేస్త్రులు నేరుగా, లంబకోణంలో వంచుతారు, వేగంగా అవుతుంది కనుక. ఆ కొసలు లోపలికి, 135 డిగ్రీల కోణంలో కొక్కెంలా తిరగాలి. లేకపోతే పైపెచ్చు రాలగానే రింగు విప్పుకుంటుంది, లోపలి రాడ్లు బయటికి ఉబుకుతాయి. బీము కలిసే చోట పిల్లర్ పైనా కిందా రింగులు దగ్గర దగ్గరగా వేయాలి. ప్లాను మూలన అతను ఈ రింగు బొమ్మని పెద్దగా వేసి, కింద తెలుగులో రాస్తాడు. ఇంగ్లిషులో రాస్తే సెంట్రింగ్ వాళ్లు చూడరు. బొమ్మ వేసినా చూడని మేస్త్రులున్నారు. వాళ్ల కోసం ఇనుప తీగతో చేసిన నమూనా రింగు ఒకటి సొరుగులో ఉంచుకున్నాడు. నాకు ఈ స్టూడియోలో నచ్చినది గోడ మీది బొమ్మల కన్నా ఆ సొరుగులోని వస్తువే.

సాయంత్రం సిద్దులగుట్ట ఎక్కాను. నవనాథుల పేరుతో వెలసిన గుట్ట. గుహలో సిద్ధేశ్వరుడు, వంగి, కొంతమేర ఇంచుమించు పాకి వెళ్లాలి. కింద నుంచి చూస్తే కొండ అంటే ఏదో ఒక్క రాయి అనిపించదు. బండ మీద బండ, దాని అంచున మరో బండ. ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లేలా ఉన్నవి తరతరాలుగా అలాగే ఉన్నాయి. కాలిఫోర్నియా, నెవాడా ఎడారుల్లో జేమ్స్ బ్రూన్ అనే భూకంప శాస్త్రవేత్త 1990లలో ఇలాంటి బండలనే సాక్షులుగా నిలబెట్టాడు. ఒక బండ పడిపోవాలంటే నేల ఎంత కుదపాలో లెక్కకట్టి, అది అక్కడ ఎన్ని వేల ఏళ్లుగా నిలిచి ఉందో తేల్చితే, ఆ కాలమంతటిలో అంత కుదుపు రాలేదని చెప్పొచ్చు. గుట్ట మీద నిలబడితే ఆ లెక్క చేయాలని చేతులు దురద పెడతాయి. అయితే చూపుకి వేలాడుతున్న ప్రతి బండా నిజంగా వేలాడుతున్నట్టు కాదు. కొన్ని అడుగున బలంగా కూర్చుని ఉంటాయి, మనకి కనిపించని వైపు. కిల్లారి దగ్గర కూడా 1993కి ముందు మనుషుల జ్ఞాపకంలో పెద్ద భూకంపం లేదు.

పైనుంచి ఊరు బాగా కనిపిస్తుంది. 44వ నంబరు జాతీయ రహదారి, పెర్కిట్, దూరంగా కళ్లాల పసుపు మరకలు, ఇళ్ల కప్పుల మీద రేపటి అంతస్తు కోసం వదిలేసిన ఇనుప రాడ్ల కొసలు. ఆ కొసల సంఖ్యని బట్టి ఆ ఏడు పసుపు ధర చెప్పొచ్చని స్టూడియో వాళ్ల పరిహాసం.

మర్నాడు మళ్లీ వెళ్లేసరికి పల్లె ఇంటి ప్లాను తాలూకు రైతు వచ్చి కూర్చున్నాడు. పట్టీ గీత మీద వేలు పెట్టి, “ఇదెందుకు పటేలా, ఖర్చు?” అన్నాడు. ప్లాన్లతను వాదించలేదు. క్యాలిక్యులేటర్ తీశాడు. బయటి గోడలు, లోపలి గోడలు కలిపి రెండు వందల ఇరవై అడుగులు. రెండు పది ఎంఎం రాడ్లు. ఇనుము ఎనభై ఐదు కిలోల లోపు. అతుకులకి, రింగులకి ఇంకొంత కలిపినా క్వింటాల్‌కి అటూ ఇటూ.

“క్వింటాల్ ఇనుము అంటే క్వింటాల్ కాడి అమ్మినంత గూడ గాదు గదనె.”

రైతు ఆలోచించాడు. ఆ సీజన్‌లో యార్డు ధరలో క్వింటాల్ పసుపుకి వచ్చింది క్వింటాల్ ఇనుము ధరని దాటే ఉంది. సిమెంటూ కూలీ వేసుకున్నా పెద్ద తేడా రాదు. “సరే, పెట్టు. కానీ ముందర ఎలివేషన్ల గా డిజైన్ తక్కువ జెయ్యకు,” అని లేచాడు. ఇంటి బలానికి డబ్బు ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలుసు, ఇంటి అందానికి ఎక్కడ తగ్గించకూడదో కూడా.

వాళ్ల పని తీరులో మరో సంగతి. ఫైళ్లన్నీ ఆ మూడు కంప్యూటర్లలోనే ఉండేవి. అది చూస్తే నాకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. 2011 ఫిబ్రవరి 22న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌ని భూకంపం కుదిపినప్పుడు 185 మంది పోయారు. నగరం నడిబొడ్డుకి కంచె కట్టారు. ఆ కంచె చివరి భాగం తీసింది 2013 జూన్‌లో. నిలిచిన భవనాల్లో ఉన్న చిన్న చిన్న ఆఫీసుల సామాన్లు, కాగితాలు కంచె లోపల, మనుషులు బయట. ఇల్లే ఆఫీసైంది, ఉద్యోగులు చెదిరారు. ఇది చెబితే ఫ్లెక్సీలతను కాసేపు మౌనంగా ఉండి, పక్కింటి వైఫైతో ప్లాన్లన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. అందులో సగం పెళ్లి పత్రికలే అని ఆ అమ్మాయి నవ్వింది. “పెళ్లి పత్రికలు గూడ ముఖ్యమే,” అన్నాడతను.

నేను తిరిగొచ్చాక, 2025 మే 5 సాయంత్రం మళ్లీ భూమి కదిలింది. ఈసారి 3.8 తీవ్రత. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ వైపు ఇళ్లలోంచి జనం బయటికొచ్చారు. ఆర్మూర్‌కి ఇటు నిర్మల్, అటు జగిత్యాల రెండూ పొరుగే. ఎవరూ గాయపడలేదు. కొన్ని రోజులకి ఫోన్ చేశాను. రింగు నమూనా కోసం ఇద్దరు మేస్త్రులు అడిగి పోయారని ప్లాన్లతను చెప్పాడు. షట్టర్ల ఇంటాయన దుబాయ్ నుంచి వాయిస్ మెసేజ్ పెట్టాడట, మెట్ల పక్క గది గోడ కూడా తీసేసి ఇంకో షట్టర్ పెట్టొచ్చా అని. ఇతను కుదరదన్నాడు. బేరం రెండు రోజులు నడిచింది. చివరికి షట్టర్ కాస్త ఇరుకైంది, మెట్ల గోడ ఉన్నచోటే ఉంది, దాని పక్కన అదనంగా ఒక పిల్లర్ వచ్చింది. నెల అద్దెలో ఎంత తగ్గుతుందో లెక్కవేసి పంపమని ఆయన అడిగాడట. అది కూడా పంపాడు.